కొండపాటకు మరలివచ్చిన గాయని



పుస్తకముల నడుమ నిలిచి పాటను గూర్చి మాటలాడుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని అక్షరమున కంటె పాట వయస్సున పెద్దది. అక్షర మెఱుగని యింటిలోను అది పుట్టును, పెరుగును, మనుమల నోటికి అందును. అమెరికా దేశమున టెన్నెసీ రాష్ట్రపు కొండలలో జన్మించి, పాటతో లోకమెల్ల చుట్టి, కోట్లు గడించి, యేబదిమూడవ యేట తల్లి పాడిన పాటల తీరునకు మరలివచ్చిన డాలీ పార్టన్ అను గాయని వృత్తాంతము ఈ రజతోత్సవ సభకు తగిన విషయము. ఆమె తండ్రికి చదువుటయు వ్రాయుటయు రాదు. ఆమె నెలకొల్పిన సంస్థ పసిపిల్లల యిండ్లకు పంపిన పుస్తకములు 2023 నాటికి ఇరువది కోట్లు దాటినవి.

ముందుగా ఆ పాట యెట్టిదో తెలిసికొనవలెను. ఉత్తర అమెరికా తూర్పుభాగమున అపలాచియన్ అను పర్వతపంక్తి కలదు. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండు, స్కాట్లండు, ఉత్తర ఐర్లండుల నుండి వచ్చిన బీదరైతులు ఆ కొండలోయలలో కాపురము లేర్పఱచుకొనిరి. ఓడలో వారు తెచ్చుకొన్న సొత్తులో బరువు లేనిదియు, చెడనిదియు కథాగీతము. వంచింపబడిన కన్యలు, పగపట్టిన అన్నదమ్ములు, మరణశయ్యపై పశ్చాత్తాపము, ఇవి ఆ గీతముల యితివృత్తములు. వానిలో ప్రసిద్ధమైన బార్బరా ఆలెన్ అను గీతమును ఒక నటి పాడగా వినినట్లు లండను నగరవాసియగు శామ్యూల్ పీప్స్ తన దినచర్యలో 1666 జనవరిలోనే వ్రాసికొనెను. రెండువందల యేబది యేండ్లకు సెసిల్ షార్ప్ అను ఆంగ్లేయ పండితుడు ఆ కొండలకు పోయి 1916 మొదలు 1918 వఱకు పాటలను సేకరించెను. తన దేశమున ముసలివారి నోట మాత్రమే మిగిలిన గీతములను అచ్చట పసివారు సహితము పాడుచుండుట చూచి ఆయన ఆశ్చర్యపడెను.

అట్లని ఆ సంగీతమంతయు బ్రిటిషు దీవుల సొత్తే యని చెప్పువారు బ్యాంజోను మఱచినవారు. ఆ వాద్యము బానిసలుగా తేబడిన ఆఫ్రికావారి చేతులనుండి వచ్చినది. ఫిడేలు యూరపునుండి వచ్చినది. ద్వారము వేంకటస్వామినాయుడుగారి చేతిలో త్యాగరాజ కృతులను పలికిన వాద్యమే ఆ కొండరైతు చేతిలో పంటకోతల పండుగకు నాట్యగతులను పలికెను. వాద్య మొక్కటే, పట్టు వేఱు, పలుకు వేఱు.

1925లో నాష్‌విల్ నగరపు రేడియోకేంద్రము ఈ సంగీతముతో ఒక వారపు కార్యక్రమమును ప్రారంభించెను. అదియే పిదప గ్రాండ్ ఓల్ ఆప్రీ యను పేర దేశప్రసిద్ధి కెక్కెను. 1927లో బ్రిస్టల్ పట్టణమున కార్టర్ కుటుంబమువారును జిమ్మీ రాడ్జర్సును తొలిసారి గ్రామఫోను రికార్డు లిచ్చిరి. అప్పటినుండి కొండపాట అంగడి సరకైనది, దానికి కంట్రీ సంగీతమను పేరు క్రమముగా స్థిరపడినది. 1939లో ఆప్రీలో చేరిన బిల్ మన్రో అను కెంటకీ గాయకుడు మాండొలిన్ చేతబట్టి పాతపాటకు వేగమును, ఎత్తైన శ్రుతిని కూర్చెను. 1945 చివర అర్ల్ స్క్రగ్స్ మూడు వ్రేళ్లతో బ్యాంజో మీటుచు ఆ మేళమున చేరగా ఆ ఫణితికి రూపము కుదిరెను. మన్రో మేళము పేరునుబట్టి దానిని బ్లూగ్రాస్ అనిరి. ఆ మాట కెంటకీ పచ్చికబయళ్లకు వాడుకపేరు, తెలుగున నీలిగడ్డి యనవచ్చును. అందు విద్యుత్తుతో మ్రోగు వాద్యములు లేవు, డ్రమ్ములు లేవు. మాండొలిన్ వాయించువాడు తీగెలను కొట్టి వెంటనే బిగబట్టగా పుట్టెడి టక్కను చప్పుడే తాళము.

నాష్‌విల్ కంపెనీలు ఆ దారిన నడువలేదు. 1950 దశాబ్ది చివరినుండి అవి ఫిడేలును బ్యాంజోను వెనుకకు నెట్టి, వయొలిన్ బృందములను, కోరసు కంఠములను ముందుకు తెచ్చి, పట్టణవాసుల చెవికి నునుపైన సంగీతమును తయారుచేయ నారంభించినవి. (ఫిడేలును వయొలిన్‌ను ఒక్కటే గదా యని యడుగవచ్చును. ఒక్కటే, వేషము వేఱు.) డాలీ పార్టన్ ఆ నగరమున అడుగిడునాటికి పరిస్థితి ఇది.

ఆమె 1946 జనవరి 19వ తేదీన స్మోకీ పర్వతముల చెంత, సెవియర్ కౌంటీలో, లిటిల్ పిజియన్ నది యొడ్డున ఒంటిగది కొయ్యయింటిలో పుట్టెను. పన్నిద్దఱు బిడ్డలలో నాలుగవది. పురుడు పోసిన వైద్యునికి తండ్రి రాబర్ట్ లీ పార్టన్ ముట్టజెప్పిన ప్రతిఫలము ఒక సంచి మొక్కజొన్నపిండి. తండ్రి పొగాకు పండించు చిన్నరైతు. అక్షరము రాకున్నను తా నెఱిగినవారిలో అంతటి తెలివిగలవాడు లేడని ఆమె పలుమాఱులు చెప్పినది. తల్లి ఆవీ లీ పాత కథాగీతముల భాండారము. మాతామహుడు పెంతెకొస్తు సంఘమునకు బోధకుడు గావున ప్రార్థనామందిరమున పాటకు కొఱత లేదు. ఏడేండ్ల పిల్ల పాడైన మాండొలిన్ ఒకదానికి రెండు గిటారు తీగెలు బిగించుకొని వాయించుచుండగా చూచి, మఱుసటి యేడు మేనమామ నిజమైన గిటారు కొనియిచ్చెను. పదియేండ్ల ప్రాయమున నాక్స్‌విల్‌లో పాడెను. పదుమూడేండ్లకు, 1959లో, ఆప్రీ వేదిక నెక్కెను. 1964లో హైస్కూలు చదువు ముగిసిన మఱునాడే మూటముల్లె సర్దుకొని నాష్‌విల్‌కు బయలుదేరెను.

1967లో పోర్టర్ వాగనర్ అను గాయకుని టెలివిజను కార్యక్రమమున చేరి ఏడేండ్లు అతని ప్రక్కన పాడెను. ఆ కాలమున ఆమె వ్రాసిన పాటలు పెక్కులు. అతనిని విడిచి స్వతంత్రముగా నిలువదలచి, వీడ్కోలు మాటలు నోట పెగలక, వానిని పాటగా కట్టి వినిపించెను. అదియే 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' అను గీతము. ఎల్విస్ ప్రెస్లీ దానిని పాడగోరెను. అతని వ్యవహారకర్త కర్నల్ పార్కర్ ఆ పాట ప్రచురణహక్కులో సగము తమకు వ్రాసియిచ్చినగాని పాడింపనని పట్టుపట్టెను. ఎల్విస్ పాడుట యనగా ఆ దినములలో కనకవర్షము. ఆమె రాత్రియంతయు ఏడ్చి, తెల్లవాఱి కాదనెను. 1992లో విట్నీ హ్యూస్టన్ అదే గీతమును చలనచిత్రమున పాడగా అమెరికాలో పదునాలుగు వారములు ప్రథమస్థానమున నిలిచెను, రాబడి సహజముగా హక్కు గలవారికి చేరెను. కవులకు లెక్క రాదనుట లోకమున వాడుకమాట. ఈ కవయిత్రికి మాత్రము పద్యమును పద్దును రెండును తెలిసినవి. ఈ పద్దు సంగతి ముందుముందు మరల వచ్చును, కావున గుర్తుంచుకొనదగినది.

1977లో 'హియర్ యూ కమ్ ఎగైన్' అను గీతముతో ఆమె కంట్రీ సంగీతపు కంచె దాటి పట్టణసంగీతమున ప్రవేశించెను. ఆ పాట ఆమె వ్రాసినది కాదు. వినువారు తన్ను కొండపాటకు పూర్తిగా పరాయిదానినిగా నెంచుదురేమో యని, అందు స్టీల్ గిటారును ఎట్లయినను చేర్పుమని నిర్మాతను కోరి చేర్పించుకొనెను. ఈ చిన్నసంగతిలోనే ఆమె మనస్సు తెలియుచున్నది. 1980లో 'నైన్ టు ఫైవ్' చలనచిత్రము, 1983లో కెన్నీ రాజర్స్‌తో పాడిన యుగళగీతము, 1986లో సొంతసీమలోనే తన పేర వెలసిన డాలీవుడ్ అను విహారస్థలము, ఇట్లు సంపద మీద సంపద వచ్చెను. కొండను విడిచిపోయితివని నిందించిన వారికి, విడిచిపోవుటలేదు, వెంట తీసికొనిపోవుచున్నానని ఆమె బదులు చెప్పినది. ఆ బదులు పూర్తిగా నిజమని చెప్పజాలము. ఆ యేండ్ల రికార్డులలో కొన్ని ఎవరు పాడినను ఒక్కటే యనదగినవి. కంఠము ఆమెది, తక్కినది అంగడిది.

అయినను దారము తెగలేదు. 1987లో లిండా రాన్‌స్టాట్, ఎమ్మిలూ హారిస్ అను ఇద్దఱు ప్రసిద్ధ గాయనులతో కలిసి 'ట్రయో' అను సంపుటమును పాడెను. మూడు కంఠములు, కొయ్యవాద్యములు, పాతపాటల పోకడ. 1994లో డాలీవుడ్‌లోనే సభవారి యెదుట పాడిన 'హార్ట్‌సాంగ్స్' అను సంపుటమున బార్బరా ఆలెన్ గీతమును ఐర్లండు నుండి వచ్చిన ఆల్టన్ మేళముతో కలిసి పాడెను. వారు ఐరిషు భాషలోను, ఆమె ఇంగ్లీషులోను. మూడువందల యేండ్లకు పైబడి సముద్రమున కిరుప్రక్కల బ్రతికిన పాట ఒకే వేదికపై తన తోబుట్టువును కలిసికొనెను.

ఇంతలో అంగడి ఆమెను మఱచెను. 1990 దశాబ్దిలో కంట్రీ రేడియోకేంద్రములు యువగాయకులను తప్ప వేఱొకరి పాటను వినిపింపని స్థితికి వచ్చినవి. 1991లో ఒక యుగళగీతము ప్రథమస్థానమున కెక్కిన పిమ్మట, మరల 2006 వఱకు ఆమె కంఠము ఆ స్థానమున వినబడలేదు. తోటి వృద్ధగాయకు లందఱిదియు అదే గతి. 1998లో ఆమె తన పాత కొండయింటికి పోయి, ఉపవాసముండి, ప్రార్థన చేయుచు క్రొత్తపాటలు వ్రాసి 'హంగ్రీ ఎగైన్' అను సంపుటమును వెలువరించెను. ఆకలి మరల వేసినదని దాని యర్థము. పాటలు మంచివే కాని వినిపించువారు లేరు. దానిని వెలువరించిన డెక్కా కంపెనీ నాష్‌విల్ శాఖయే కొలదికాలమునకు మూతపడెను.

కడుపు నిండినవారు ఇట్టి సమయమున రెండు పనులలో నొకటి చేయుదురు. ఒకటి, ఉన్నదానిని అనుభవించుచు ఇంట గూర్చుండుట. రెండు, యువకుల వేషము ధరించి వారి వెంట పరుగిడుట. డాలీ పార్టన్ ఈ రెండును చేయక, షుగర్ హిల్ అను చిన్న కంపెనీకి 1999లో శుద్ధమైన బ్లూగ్రాస్ సంపుటమును పాడి యిచ్చెను. దాని పేరు 'ద గ్రాస్ ఈజ్ బ్లూ', గడ్డి నీలము. స్టీవ్ బకింగ్‌హామ్ దానిని నిర్వహించెను. బ్లూగ్రాస్ వాద్యకులలో మేటియైనవారిని పిలిపించిరి. మాండొలిన్ శామ్ బుష్, ఫిడేలు స్టూవర్ట్ డంకన్, బ్యాంజో జిమ్ మిల్స్, గిటారు బ్రయన్ సటన్, తీగెలపై ఉక్కుకడ్డీ జరుపుచు వాయించు డోబ్రో అను వాద్యమునకు జెర్రీ డగ్లస్.

ఈ సంగీతమున గాయకునికి దాగుచోటు లేదు. పట్టణసంగీతమున కంఠము తడబడినచో వయొలిన్ బృందము కప్పివేయును. బ్లూగ్రాస్ మేళమున ఒక్కొక్క వాద్యమునకు ఒక్కొక్క తావు. ఒకటి ముందుకు వచ్చి పలుకుచుండగా తక్కినవి తగ్గి యుండును, పాట రాగానే అన్నియు వెనుకకు జరిగి కంఠమును ఒంటరిగా నిలుపును. వేగమా, ఊపిరి తీయనీయదు. డాలీ పార్టన్ కంఠము సన్ననిది, కొసలలో వణకునది. ఆ వణకు పట్టణపు రికార్డులలో అలంకారముగా తోచెడిది, ఇచ్చట అది కథ చెప్పెను.

ఆ సంపుటమున 'సిల్వర్ డాగర్' అను ప్రాచీన గీత మొకటి కలదు. భర్త చేతిలో మోసపోయిన తల్లి, తన కూతునకు ఆ గతి పట్టకుండుటకై వెండిబాకు చేతబట్టి ఆమె ప్రక్కనే నిద్రించును. కూతురు తన్ను పిలువవచ్చిన వానిని మెల్లగా వెనుకకు పంపివేయును. కథ యింతే. బాకు ఎవరినీ పొడువదు, రక్తము చిందదు. కాని తల్లి దుఃఖము కూతునకు ఆస్తివలె సంక్రమించుట ఇంత క్లుప్తముగా చెప్పిన గీతములు అరుదు. ఇట్టి పాటలను తల్లి నోట వినిన బిడ్డ యేబదియేండ్లు దాటిన పిమ్మట పాడినప్పుడు, అందు కూతురి గొంతును, తల్లి గొంతును కలిసియే వినవచ్చును.

పేరు పెట్టిన గీతము ఆమె స్వయముగా రచించినది. ప్రియునిచే విడువబడిన స్త్రీ తనకేమియు బాధ లేదని నమ్మించుకొనుటకై, ప్రకృతిలో జరుగని తలక్రిందుల వింతలను ఒకటొకటిగా జరిగినవని చెప్పుకొనును. భర్తృహరి తన నీతిశతకమున ఇసుకనుండి నూనె తీయుట మొదలగు అసాధ్యములను పేర్కొని, అవియైనను సాధ్యము కావచ్చును గాని మూర్ఖుని మనస్సు రంజింపజాలమనెను. కొండ గాయని కాతని పేరు తెలిసియుండదు. అయినను అసాధ్యముల పట్టికతో హృదయమును విప్పు ఉపాయ మామెకును దొరకెను. భర్తృహరి ఆ పట్టికతో ఎదుటివానిని నిందించెను. ఈ గీతములోని స్త్రీ తన్ను తానే ఓదార్చుకొనును, ఓదార్పు కుదరదని ఆమెకే తెలియును.

పాతదానికి మరలుట యనగా పాతదానిని అనుకరించుట యని ఆమె యెంచలేదు. సంపుటమునకు మొదటిపాట బిల్లీ జోయెల్ అను న్యూయార్కు పియానో గాయకునిది. ఇంకొకటి బ్లాక్‌ఫుట్ అను రాక్ మేళమువారిది. 2001లో వచ్చిన తరువాతి సంపుటము 'లిటిల్ స్ప్యారో'లో కోల్ పోర్టర్ నాటకశాలల గీతమును సహితము ఫిడేలు బ్యాంజోలకు ఒప్పించెను. 2002లో 'హేలోస్ అండ్ హార్న్స్' అను మూడవ సంపుటము వెలువడెను. కొండలోయలో పారిన నీరు ఏ మబ్బునుండి పడినదని యెవరును అడుగరు.

కోట్లకు అధిపతియైన స్త్రీ పేదవారి పాట పాడుట నటన కాదా యని కొందఱు ప్రశ్నించిరి. ఆమె వేషము సైతము ఆ ప్రశ్నకు చోటిచ్చినది. బంగారువన్నె విగ్గులను, మెఱుపుల దుస్తులను ఆమె కొండపాట కొఱకు విడువలేదు. దీనికి ఆమె పరిహాసముగా చెప్పిన సమాధానము, పేదరాలివలె పాడుటకు తగిన స్తోమత కలుగుటకై ముందు ధనము గడింపవలసివచ్చినదని. నవ్వుచు చెప్పినను ఇందు లెక్క తప్పలేదు. రేడియో వినిపింపని పాటను చిన్న కంపెనీకి పాడుట యనగా రాబడిని వదలుకొనుట. పాటయే కూడుగా గల గాయకుడు ఆ పని చేయజాలడు. నాడు సగము హక్కు వ్రాసియిచ్చియుండినచో, ఆ వీడ్కోలు పాట రాబడిలో సగము పరులపాలై, నేడు ఈ స్వేచ్ఛ అంతమేర తగ్గియుండెడిది. తల్లిపాటకు తిరిగిపోవుటకు ధనవంతులకు మాత్రమే వీలుండుట ఆమెకు లోటు కాదు, ఆ అంగడికి లోటు.

వినినవారు నిరాకరింపలేదు. అంతర్జాతీయ బ్లూగ్రాస్ సంగీత సంఘము 2000లో ఆ సంపుటమును ఆ యేటి ఉత్తమసంపుటముగా నెన్నుకొనెను. 2001లో దానికి ఉత్తమ బ్లూగ్రాస్ సంపుటమను గ్రామీ బహుమతి లభించెను. అదే కాలమున 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' అను చలనచిత్రపు పాతపాటల సంపుటము లక్షలకొలది అమ్ముడుపోయి, 2002లో ఆ యేటి ఉత్తమసంపుటముగా గ్రామీ గెలుచుకొనగా, కొండపాటకు వినువారు లేరను కంపెనీల వాదము వీగిపోయెను. రేడియోకేంద్రములు మాత్రము అప్పటికిని తలుపు తెఱవలేదు.

ఆమె అచ్చటనే నిలిచిపోయినదనుటయు సరికాదు. తరువాత అనేకవిధముల పాటలు పాడెను. 2023లో, డెబ్బదియేడేండ్ల వయస్సున, రాక్ సంగీతపు సంపుటమునే వెలువరించెను. పుట్టినింటికి వచ్చిన ఆడపడుచు మూడునాళ్లుండి పోయినంతమాత్రమున ఆ రాక అబద్ధము కాదు.

ఇక పుస్తకముల సంగతి. తండ్రికి అక్షరము రాకపోవుట ఆమెను బాల్యమునుండి బాధించినది. ఆయన గౌరవార్థము 1995లో తన సెవియర్ కౌంటీలో ఇమాజినేషన్ లైబ్రరీ యను సంస్థను స్థాపించెను. పుట్టినది మొదలు అయిదేండ్లు నిండువఱకు బిడ్డకు నెలకొక పుస్తకము, బిడ్డ పేరుతోనే, తపాలాలో ఉచితముగా ఇంటికి వచ్చును. బీద గొప్ప విచారణ లేదు. 2000లో ఇతర ప్రాంతములకును, పిదప కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, ఐర్లండు దేశములకును అది వ్యాపించెను. ఆమె ఆ కొండపాటల సంపుటమును వెలువరించిన మఱుసటి యేడు, 2000లోనే, తండ్రి మరణించెను. బిడ్డలు తన కూతును పాటలామె యనక పుస్తకాలామె యని పిలుచుట విని ఆయన మురిసెడివాడని ఆమె చెప్పినది.

2018 ఫిబ్రవరిలో ఆ సంస్థవారి పదికోట్లవ పుస్తకము వాషింగ్టన్‌లోని కాంగ్రెసు గ్రంథాలయమునకు సమర్పింపబడెను. కొండపాటల రికార్డులను 1928 నుండి భద్రపఱచుచున్న గ్రంథాలయ మదియే. ఆ పుస్తకము పేరు 'కోట్ ఆఫ్ మెనీ కలర్స్'. పేలికలు కుట్టి తల్లి చేసిన రంగురంగుల కోటును తొడుగుకొని బడికిపోయిన పిల్లను తోటివారు పరిహసించిన కథ అది. అదే పేరుగల పాటను ఆ గ్రంథాలయము 2011లోనే తన శాశ్వత రికార్డుల పట్టికలో చేర్చుకొనియుండెను. ఆ పాట పుట్టినది 1969లో, ఊరూరు తిరుగు బస్సులో. చరణములు పొంగివచ్చుచుండగా కాగితము దొరకక, వాగనర్ దుస్తులు చలువ చేయించిన రసీదు వెనుక ఆమె దానిని వ్రాసికొనెను.